మెడలో గొలుసు తీసివ్వకండి

ప్రశ్న: మాది తెనాలి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు గుంటూరులో మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు చూస్తారు. ఇద్దరి జీతాలూ కలిపితే 52 వేలు. పాప తొమ్మిదో తరగతి. సంక్రాంతికి హారం పెట్టుకుందామని బీరువా తీస్తే పెట్టె ఖాళీగా ఉంది. నిలదీస్తే అప్పుడు చెప్పారు. సెప్టెంబరు చివర్లో నా హారం, గాజులు, మొత్తం ఎనిమిది కాసులు బ్యాంకులో తాకట్టు పెట్టి రూపాయి వడ్డీకి 4 లక్షలు తెచ్చారట. పాప ఇంటర్ ఫీజుల కోసం నెలకు 10 వేల చొప్పున వేస్తున్న 4 లక్షల చీటీ కూడా పాడేసి 3 లక్షలు ఎత్తారట. ఆ 7 లక్షలూ క్రిప్టోలో పెట్టారు. 4 లక్షలతో బిట్‌కాయిన్ కొన్నారు, ఇప్పుడది 2 లక్షల 80 వేలు చూపిస్తోంది. లక్షన్నర పెట్టి కొన్న చిన్న కాయిన్లు 40 వేలకు వచ్చాయి. ఇంకో లక్షన్నర ఒక టెలిగ్రామ్ గ్రూపువాళ్ల యాప్‌లో ఉంది.

డల్లాస్‌లో ఉండే మరిది 'ట్రంప్ ఉన్నంతకాలం ఢోకా లేదు వదినా, అమ్మనివ్వకండి' అంటాడు. మామగారు 'అది జూదం. అమ్మేసి అమరావతి పక్కన ప్లాటు కొనుక్కోండి, ఇప్పుడు మన ప్రభుత్వమే కదా' అంటారు. మావారికి ఆ ప్రభుత్వమంటేనే పడదు. రోజూ అన్నాల దగ్గర గొడవే. అసలు క్రిప్టో మన దేశంలో చట్టబద్ధమేనా? అమ్మమనాలా, ఉంచమనాలా? ప్లాటు మంచిదా?

ఇంకొకటి. టెలిగ్రామ్ యాప్‌లోని డబ్బు 9 లక్షలు అయిందట. తీసుకోవాలంటే లాభం మీద ప్రభుత్వ పన్ను 30 శాతం, అంటే 2 లక్షల 25 వేలు, ముందు కట్టాలట. అందుకు నా మెడలో గొలుసు అడుగుతున్నారు. ఆ 9 లక్షలు వచ్చేస్తే అన్నీ తీరిపోతాయి కదా అని నాకూ అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో 'ఇంకొకటి' అని రాసిన ముక్కకే ముందు జవాబు చెబుతాను. మిగతావి వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

ఆ గొలుసు మెడలోనే ఉంచుకోండి. 9 లక్షలు లేవు. ఎప్పుడూ లేవు. ఫోన్‌లో పచ్చరంగులో కనిపించేది వాళ్లు టైపు చేసిన అంకె. దాన్ని 9 లక్షలకు బదులు 90 లక్షలు చేయడానికి వాళ్లకు ఒక్క సున్నా చాలు. మీవారు పెట్టిన లక్షన్నర ఏ కాయిన్ కొనడానికీ వెళ్లలేదు. పంపిన రోజే ఎవరివో నాలుగు ఖాతాల్లోకి చీలిపోయి ఉంటుంది.

మీవారిని ఒక మాట అడగండి. మొదట్లో ఐదో పదో వేలు పెడితే, కొంచెం లాభంతో సహా నిజంగానే బ్యాంకు ఖాతాలోకి వచ్చాయా? వచ్చే ఉంటాయి. ఎర అది. ఆ నమ్మకంతోనే మనిషి లక్షన్నర పెడతాడు. ఇప్పుడు పన్ను పేరుతో 2 లక్షల 25 వేలు కడితే, తర్వాత 'ఖాతా ఫ్రీజ్ అయింది, విడిపించడానికి ఫీజు' అంటారు. అదీ కడితే 'మనీ లాండరింగ్ క్లియరెన్స్' అంటారు. మీ దగ్గర ఇంకేమీ లేదని తేలేదాకా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు.

ఈ మోసంలో తెలివైన పని ఏమిటంటే, 30 శాతం అన్న అంకె నిజమైనదే. మన దేశంలో క్రిప్టో లాభం మీద పన్ను 30 శాతమే. మీవారు గూగుల్‌లో వెతికి, నిజమేనని తేల్చుకుని ఉంటారు. కానీ ఆ పన్నును యాప్‌వాళ్లకు ఎవరూ కట్టరు. మన పాన్ నంబరు మీద, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో, మనమే కట్టుకుంటాం. ఎవరి యూపీఐకో, ఏ ట్రేడర్స్ పేరుతోనో ఉన్న కరెంటు ఖాతాకో పంపేది పన్ను కాదు. ఇంకా అనుమానం ఉంటే మీవారినే ఆలోచించమనండి: నా 9 లక్షలు మీ దగ్గరే ఉన్నాయి కదా, అందులోంచే 2 లక్షల 25 వేలు మినహాయించుకుని మిగతాది పంపరేం? దీనికి వాళ్ల దగ్గర ఉండే జవాబు ఒక్కటే, 'సిస్టం ఒప్పుకోదు సార్'.

ఇవాళే చేయాల్సింది చెబుతాను. గ్రూపులో ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దు. అనుమానం వచ్చిందని తెలిస్తే చాట్ మొత్తం చెరిపేసి మాయమవుతారు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. గ్రూపు పేరు, వాళ్ల నంబర్లు, యాప్ లింకు, పన్ను అడిగిన మెసేజ్ అన్నీ రావాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు వెళ్లిన ప్రతి లావాదేవీ నంబరూ, తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. అప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మీ బ్యాంకు బ్రాంచికి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. డబ్బు పోయిన గంటల్లోనే చెప్తే అవతలి ఖాతాను స్తంభింపజేసే వీలు ఎక్కువ. మీకు నెలలు గడిచాయి కాబట్టి లక్షన్నర తిరిగొస్తుందని ఆశ పెట్టను. అయినా ఫిర్యాదు తప్పనిసరి. ఎందుకంటే మొదట్లో మీవారి ఖాతాలోకి వచ్చిన ఆ చిన్న మొత్తం, మీలాంటి ఇంకో ఇల్లాలి డబ్బు అయి ఉండొచ్చు. రేపు ఆ కేసులో మీవారి జీతం ఖాతానే స్తంభించిపోతే, అప్పుడు ముందే ఫిర్యాదు చేసి ఉండటం ఆయనకు అక్కరకొస్తుంది. ఆఫీసులో ఎవరినైనా ఆయన ఆ గ్రూపులో చేర్చి ఉంటే, సిగ్గుపడకుండా వాళ్లకూ చెప్పమనండి.

కొన్నాళ్లకు ఇంకొకడు ఫోన్ చేస్తాడు. పోయిన డబ్బు తెచ్చిపెడతాం, మేం సైబర్ లాయర్లం, ముందు 15 వేలు పంపండి అంటాడు. అతను వేరే మోసగాడని అనుకోకండి. ఆ ముఠావాళ్ల దగ్గరే మీవారి నంబరు ఉంది.

ఇక చట్టం సంగతి. చాలామంది క్రిప్టో నిషేధమనే అనుకుంటున్నారు. 2018లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో వ్యాపారాలకు సేవలు అందించవద్దని బ్యాంకులకు చెప్పింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2022 బడ్జెట్‌లో పన్ను వేశారు. 2023 మార్చి నుంచి ఎక్స్‌ఛేంజీలు, అంటే క్రిప్టో కొనిపెట్టే, అమ్మిపెట్టే సంస్థలు, మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు కావాలి. కాబట్టి కొనడం, అమ్మడం నేరం కాదు. అలాగని అది రూపాయిలా చెల్లే డబ్బూ కాదు. పన్ను వేశారు కదా, ఇక ప్రభుత్వ హామీ ఉన్నట్టే అని మా వీధిలో ఒకాయన వాదిస్తాడు. గుర్రప్పందెంలో గెలిచిన డబ్బు మీదా 30 శాతం పన్నే ఉంది. గుర్రానికి ప్రభుత్వం హామీ ఉందా?

పన్ను వేసిన తీరు మాత్రం కాస్త తెలుసుకోవాలి, మీ లెక్కకు అది పనికొస్తుంది. లాభం వస్తే 30 శాతం, మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయడానికి లేదు. అంటే తాకట్టు వడ్డీ మీ లెక్కలో ఖర్చే గానీ పన్నువాళ్ల లెక్కలో కాదు. 12 లక్షల దాకా పన్ను లేదు కదా అన్న ధైర్యం ఈ లాభానికి పనికిరాదు, ఆ రిబేటు దీనికి వర్తించదు. ఇంకా కష్టమైన సంగతి, ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయనివ్వరు. ఒకదాంట్లో 50 వేలు లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వచ్చిందనుకోండి. చేతికి నష్టమే మిగిలినా 50 వేల మీద 15 వేలు, సెస్సు కట్టాల్సిందే. నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు.

మీ మరిదిగారికి చెప్పాల్సిన ముక్క ఇక్కడే ఉంది. ఆయన ఉండే అమెరికాలో నష్టాన్ని లాభంలోంచి తీసేసుకోవచ్చు. ఇంకా మిగిలితే ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతం ఆదాయంలోంచి కూడా తగ్గించుకోవచ్చు. ఆయన జీతం డాలర్లలో వస్తుంది. ఆయన పెట్టింది మిగులు. ఇక్కడ మీవారు పెట్టింది మీ హారం. ఆయన చెప్పిన సలహా ఆయన ఇంట్లో మంచి సలహానే కావచ్చు. డల్లాస్ నుంచి తెనాలికి వచ్చేసరికి అదే సలహాకు రూపాయి వడ్డీ తగులుకుంది.

ట్రంప్ ఉన్నంతకాలం ఢోకా లేదన్న మాట కూడా చూద్దాం. ఆయన క్రిప్టోకు అనుకూలమే, అందులో సందేహం లేదు. 2025 మార్చిలో ప్రభుత్వ బిట్‌కాయిన్ నిల్వ అంటూ ఉత్తర్వు ఇచ్చారు, జులైలో స్టేబుల్‌కాయిన్ల (డాలరు విలువతో ముడిపెట్టిన కాయిన్ల) చట్టం మీద సంతకం పెట్టారు. 2025 అక్టోబరు మొదటి వారంలో బిట్‌కాయిన్ లక్షా 26 వేల డాలర్లు తాకింది. మీవారు కొన్నదీ ఆ వేడిలోనే. సరిగ్గా అదే నెల 10వ తేదీన చైనా సరుకుల మీద మరో 100 శాతం సుంకం వేస్తానని అదే ట్రంప్ ప్రకటించారు. ఆ ఒక్క రోజులో అప్పు మీద ట్రేడింగ్ చేస్తున్నవాళ్లు వేసిన పందేలు దాదాపు 1,900 కోట్ల డాలర్ల మేర తుడిచిపెట్టుకుపోయాయి. నవంబరులో బిట్‌కాయిన్ 90 వేల డాలర్ల కిందికి దిగింది. ఇదంతా జరుగుతున్నప్పుడూ ట్రంప్ కుర్చీలోనే ఉన్నారు. మీ మరిదిగారు లెక్కలోకి తీసుకోనిది అదే.

ఆయన పేరుతోనే వచ్చిన కాయిన్ సంగతి ఇంకా విచిత్రం. ప్రమాణస్వీకారానికి మూడు రోజుల ముందు, 2025 జనవరి 17న విడుదలైంది. రెండు రోజుల్లో 70 డాలర్లు దాటింది. ఏప్రిల్‌కి 10 డాలర్ల లోపే. విడుదలైనప్పుడు మొత్తం కాయిన్లలో 80 శాతం ఆయనకు సంబంధించిన సంస్థల చేతిలోనే ఉంచుకున్నారు. మర్నెల్లో అర్జెంటీనా అధ్యక్షుడు మిలేయ్ ఒక కాయిన్ గురించి పోస్టు పెట్టాడు, గంటల్లో అది ఆకాశానికెళ్లి అంతే వేగంగా కూలింది. మునిగింది, నాయకుడి మీద అభిమానంతో ఆ పోస్టు చూసి కొనడానికి పరుగెత్తినవాళ్లే.

మీవారి చిన్న కాయిన్ల గురించి చెప్పాలంటే నాకు ముందు మా బాబాయి ఈము పక్షులు గుర్తొస్తాయి. మీ వైపు కూడా పెంచి ఉంటారు, మామగారిని అడగండి. అప్పట్లో ఈము మాంసంలో కొవ్వుండదు, నూనెకు విదేశాల్లో గిరాకీ, ఈకలు అమ్ముడవుతాయి, గుడ్డు వేలల్లో పలుకుతుంది అని ఊరూరా చెప్పుకునేవారు. బాబాయి అరెకరం పసుపు తీసేసి కంచె కట్టించి రెండు జతలు తెచ్చాడు. మొదటి రెండేళ్లు నిజంగానే డబ్బు వచ్చింది. పిల్లలు పెట్టిస్తే పిల్లల్ని కొనుక్కునేవాళ్లు ఉన్నారు. మా నాన్న ఒకసారి అడిగాడు, 'ఒరేయ్, ఇంతకీ వీటిని తినేదెవడు?' బాబాయి దగ్గర జవాబు లేదు. పిల్లల్ని కొన్నవాడు ఇంకొకడికి పిల్లల్ని అమ్మడానికే కొన్నాడు. ఆ ఇంకొకడూ అంతే. కొత్త రైతు దొరకడం ఆగిపోయిన ఏడాది, పక్షి ధర దాణా ఖర్చు కంటే కిందికి వచ్చింది. రాత్రిళ్లు ఆడపక్షి గొంతులోంచి డప్పు కొట్టినట్టు మోత వచ్చేది, ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఇప్పటికీ బాబాయి ఇంట్లో టీవీ పక్కన ముదురాకుపచ్చ రంగు ఈము గుడ్డు ఒకటి గాజు గిన్నెలో ఉంటుంది. పిల్లలు అది మామిడికాయ బొమ్మ అనుకుంటారు.

మీవారి చిన్న కాయిన్లలో ఒక్కొక్కదాని గురించీ మా నాన్న ప్రశ్నే అడగండి. దీన్ని వాడేదెవడు? ఇంకొకడికి అమ్మడానికి కాకుండా, ఏ పనికోసం దీన్ని కొంటారు? ఆయన రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ 40 వేలు ఇంకా తగ్గకముందే తీసేసుకోమనండి. 2022 మేలో లూనా అనే కాయిన్ నెల మొదట్లో 80 డాలర్ల దగ్గర ఉంది, నెల సగానికల్లా చిల్లిగవ్వకు కొరగాకుండా పోయింది. 'పడింది కదా, ఇప్పుడే కొనాలి' అంటూ దారి పొడవునా కొన్నవాళ్లున్నారు.

బిట్‌కాయిన్ ఇలాంటిది కాదు, ఆ తేడా నేను ఒప్పుకుంటాను. 2009 నుంచి నడుస్తోంది, 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు, అమ్మాలంటే కొనేవాడు ఏ క్షణమైనా దొరుకుతాడు. అయితే బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు 5 లక్షల దాకా బీమా దీనికి లేదు. 2024 జులైలో వజీర్ఎక్స్ ఎక్స్‌ఛేంజి నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు హ్యాకర్లు ఎత్తుకెళ్లారు. అందులో డబ్బున్నవాళ్లు ఏడాదికి పైగా తమ కాయిన్లను ముట్టుకోలేకపోయారు. మీవారిది ఏ ఎక్స్‌ఛేంజో, అది నమోదై ఉందో లేదో ఒకసారి చూడండి.

మీరు అడిగింది అమ్మాలా ఉంచాలా అని. బిట్‌కాయిన్ పెరుగుతుందా అని మాత్రం నన్ను అడగొద్దు. 2021 నవంబరులో 69 వేల డాలర్లు ఉన్నది ఏడాది తిరిగేసరికి 16 వేలకు వచ్చింది. అదే 2024 డిసెంబరులో లక్ష దాటింది. 69 వేలకు కొన్నవాడు మూడేళ్లు కదలకుండా కూర్చుంటే బయటపడ్డాడు. మీవారు చెప్పేదీ ఈ కథే అయి ఉంటుంది. కథ నిజమే. కానీ ఆ మూడేళ్లు కూర్చోగలిగినవాడి నగలు బ్యాంకులో లేవు. మీ తాకట్టుకు గడువుంది, మీ చీటీకి ప్రతి నెలా తేదీ ఉంది, పాపకు ఇంటర్‌లో చేరే జూన్ నెల ఉంది. బిట్‌కాయిన్‌కు మాత్రం ఏ తేదీ లేదు. అది ఎప్పుడు పెరగాలో మీ తేదీలు చూసుకుని పెరగదు.

కాగితం మీద వేద్దాం. 4 లక్షలకు రూపాయి వడ్డీ అంటే నెలకు 4 వేలు. ఎత్తిన చీటీ కాబట్టి మిగిలిన నెలలన్నీ వాయిదా తప్పదు. నెలనెలా తగ్గింపు కాస్త వచ్చినా 10 వేలనే అనుకోండి. అంటే 52 వేల జీతాల్లోంచి నెలకు 14 వేలు, ఇంట్లో పొయ్యి వెలిగించకముందే పోతున్నాయి. నేను ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నాను. నగల లోను కోసం వచ్చిన మగవాళ్లలో ఇంట్లో చెప్పకుండా తెచ్చినవాణ్ణి సంచి మూతి విప్పే తీరులోనే గుర్తుపట్టేవాణ్ణి. తూకం వేసేటప్పుడు నగ వంక చూడరు, తలుపు వంక చూస్తారు. వాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు. ఇంట్లోవాళ్లకు తెలిసేలోపు రెట్టింపు చేసి పెట్టేద్దామనుకుంటారు, అంతే.

నా సలహా, బిట్‌కాయిన్ అమ్మి ఆ 2 లక్షల 80 వేలూ తాకట్టు అప్పులో కట్టేయండి. చిన్న కాయిన్ల 40 వేలు కూడా అందులోకే. అప్పుడు అసలు 80 వేలకు, వడ్డీ నెలకు 800కు దిగుతుంది. పాత వడ్డీ బాకీ ఏమైనా ఉంటే అది అదనం. పాత లోను మూసేసి, గాజులు మాత్రం ఉంచి తక్కువకు కొత్త లోను పెట్టి, హారం ఇంటికి తెచ్చుకునే వీలుందేమో బ్రాంచిలో అడగండి. చాలాచోట్ల చేస్తారు. అమ్మేటప్పుడు ఎక్స్‌ఛేంజి 1 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. నష్టానికి అమ్మినా పట్టుకుంటుంది, కంగారు పడకండి. రిటర్న్‌లో వర్చువల్ డిజిటల్ ఆస్తుల (పన్ను చట్టంలో క్రిప్టోకి పేరు అదే) షెడ్యూల్ నింపి, ఆ టీడీఎస్ చూపించుకుంటే లెక్కలో కలుస్తుంది. ఆయన రిటర్న్ వేసే అలవాటు లేకపోతే ఈసారి వేయాల్సిందే.

'అమ్మిన మర్నాడే పెరిగితే?' అంటారు మీవారు. పెరగొచ్చు. అప్పుడు ఇలా అడగండి: ఈ 2 లక్షల 80 వేలు ఇవాళ నగదుగా మన టేబుల్ మీద ఉంటే, నా హారం బ్యాంకులో ఉండగా, మీరు వెళ్లి మళ్లీ బిట్‌కాయిన్ కొంటారా? ఉంచుకోవడమంటే రోజూ పొద్దున్నే మళ్లీ కొనడమే. ఆయన మనసు మరీ చివుక్కుమంటుంటే ఓ 15 వేల విలువైన బిట్‌కాయిన్ అలాగే ఉంచుకోమనండి. ఆయన దాన్ని పదేళ్లు చూసుకుంటూ కూర్చున్నా ఎవరికీ నష్టం లేదు. ఇంకో మాట, మీరు దిగులుపడుతున్న ఆ ఎనిమిది కాసుల ధర 2025లో బాగా పెరిగింది. విడిపించుకుంటే ఆ పెరుగుదల మీదే. క్రిప్టో కొనడానికి తాకట్టు పెట్టిన వస్తువే ఆ క్రిప్టో కంటే బాగా పెరగడం ఏమిటో, మీవారు కూడా ఎప్పటికైనా నవ్వుకుంటారనుకుంటా.

మామగారి ప్లాటు గురించి కొంచెమే చెబుతాను. అది మంచి స్థలమా కాదా అన్నది చూడకుండా చెప్పలేను. కానీ ఆయన చెప్పిన కారణం, మీ మరిది చెప్పిన కారణం ఒకటే. ఒకరు 'ట్రంప్ ఉన్నాడు' అన్నారు, ఇంకొకరు 'మన ప్రభుత్వం ఉంది' అన్నారు. 2014 తర్వాత తుళ్లూరు చుట్టుపక్కల ధరలు ఎలా లేచాయో, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినిపించాక ఎలా పడిపోయాయో, 2024 జూన్ తర్వాత మళ్లీ ఎలా లేచాయో తెనాలిలో ఉన్న మీకు నేను చెప్పాలా? మధ్యలో ఆ ఐదేళ్లు వడ్డీకి తెచ్చి కొన్నవాళ్లు ఎలా ఉన్నారో మామగారికే బాగా తెలుసు. ఆయన పార్టీ గెలుస్తుందనే ఆయన నమ్మకం తప్పని నేను అనడం లేదు. 2024లో కూటమికి 175కి 164 సీట్లు వచ్చాయి, ఆయన లెక్కే నెగ్గింది. అదే వారంలో దేశం మొత్తం మీద ఎగ్జిట్ పోల్స్ నమ్ముకుని జూన్ 3న షేర్లు కొన్నవాళ్లను చూడండి. ఆ రోజు సెన్సెక్స్ రెండున్నర వేల పాయింట్లు పెరిగింది. మర్నాడు ఓట్లు లెక్కపెడుతుంటే దాదాపు 4,400 పాయింట్లు పడింది. ఏ పార్టీ గెలుస్తుందో సరిగ్గా చెప్పినవాడికి కూడా ధర ఎటు పోతుందో తెలియదు. ప్లాటు కొనాలంటే నగలు ఇంటికొచ్చి, చీటీ తీరాక, సొంత డబ్బుతో, లేఅవుటుకు అనుమతి ఉందో లేదో, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదైందో లేదో చూసుకుని కొనండి. అప్పుడు ప్రభుత్వం ఏదున్నా నిద్ర పడుతుంది.

మీవారితో ఈ మాటలు అన్నాల దగ్గర ఎత్తొద్దు. టీవీలో డిబేట్ నడుస్తుండగా, మామగారి ఎదురుగా అసలే వద్దు. అక్కడ ఎత్తితే అది మీ హారం గురించిన మాటగా మిగలదు, తండ్రీకొడుకుల పార్టీల గొడవలో కలిసిపోతుంది. ఆయన అమ్మడానికి ఒప్పుకుంటే తండ్రి గెలిచినట్టవుతుందని, అందుకోసమే అమ్మకుండా మొండికేస్తారు. ఆదివారం పొద్దున, పాప ట్యూషన్‌కి వెళ్లాక, ఇద్దరే కూర్చోండి. మొదట టెలిగ్రామ్ సంగతి, ఫోన్ పక్కనే పెట్టుకుని, 1930కి ఆయన చేతే చేయించండి. మీరు తిట్టాలనుకున్నవి తిట్టండి, అది మీ హక్కు. చెప్పకుండా తాకట్టు పెట్టడం తప్పే, దాన్ని నేను చిన్నది చేయను. కానీ తిట్టడం అయిపోయాక ఇకముందు నగ గానీ చీటీ గానీ అప్పు గానీ ఇద్దరి సంతకం లేకుండా కదలకూడదని ఒప్పించుకోండి. ఎక్స్‌ఛేంజి ఖాతా వివరాలు, చీటీ పుస్తకం, లోను రశీదు ఒకే ఫైల్లో పెట్టి అది మీ ఇద్దరికీ అందే చోట ఉంచండి. చీటీ రిజిస్టరైన కంపెనీదా, లేక వీధిలో ఎవరో నడిపేదా అన్నది మీరు రాయలేదు. అదీ చూడండి.

తాకట్టు రశీదు మీద గడువు తేదీ ఉంటుంది. సెప్టెంబరు చివర్లో పెట్టారంటున్నారు, మామూలుగా ఏడాది గడువు ఇస్తారు. ఆ తేదీ, ఇప్పటిదాకా వడ్డీ కట్టారా లేదా, ఈ రెండూ రేపు బ్రాంచికి వెళ్లి కనుక్కుని నాకు రాయండి. మిగతా లెక్క అక్కడినుంచి చూద్దాం.